25 కిలోమీటర్లకే చేతులు తిమ్మిరి, మోకాలు నొప్పి. బండి నాకు సరిపోదా, నాకే కూర్చోవడం రాదా?

పానగల్_పెడల్
నల్లగొండ. వయసు 42, ఎత్తు 169 సెం.మీ., బరువు 74 కిలోలు. రెండు నెలల కింద హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ కొన్నాను. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునేది), ఫ్రేమ్ సైజు 54. "మీకు కుట్టించినట్టు సరిపోయింది సార్" అన్నాడు. అమ్మేవాడు ఇంకేమంటాడు లెండి.

రోజూ పొద్దున ఐదున్నరకు క్లాక్ టవర్ దగ్గర బయల్దేరి పానగల్ ఉదయ సముద్రం కట్ట మీదుగా 25, 30 కిలోమీటర్లు తొక్కుతాను. మొదటి ఇరవై హాయిగా ఉంటుంది. ఆ తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. మొన్న ఇంటికొచ్చి టీ గ్లాసు పట్టుకుంటే జారి కింద పడింది. కుడి మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి, మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. మెడ సంగతి చెప్పక్కర్లేదు.

నాకు తోచినవి చేశాను. ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకు ఆనడం లేదని సీటు దించాను. హ్యాండిల్ దూరంగా ఉందని సీటును ముందుకు జరపగలిగినంత జరిపాను. మెత్తగా ఉంటుందని జెల్ కవర్ తొడిగాను. చేసిన కొద్దీ బాధ పెరిగింది.

డిసెంబరులో సాగర్ వెళ్ళి రావాలని కోరిక. రానూపోనూ 120 దాకా అవుతుంది. మా ఆవిడ మాత్రం "దాన్ని అమ్మి స్కూటీకి కొత్త టైర్లు వేయించు" అంటోంది.

నిశ్శబ్ద_ఫ్రీవీల్
169కి 52 తీసుకోవాల్సింది. సైజు తప్పింది. అమ్మేయండి.

పాలమూరు_పిల్లగాడు
అమ్మేయడం తప్ప నీ దగ్గర ఇంకో మందు లేదా బ్రో? నా బండికీ ఇదే చెప్పినవ్. పెడల్ అన్నా, ముందు పక్క నుంచి ఒక ఫొటో పెట్టు. బండిది ఒక్కటే కాదు, నువ్వు దాని మీద కూర్చున్నది.

మిర్యాల_మెకానిక్
ఫొటో తర్వాత. జబ్బు సార్ రాసిన దాంట్లోనే ఉంది. "రెండు కాళ్ళూ నేలకు ఆనడం లేదని" అన్న ముక్క చూడండి.

మా నాన్న సైకిల్ షాపు నడిపారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. షాపుకు వచ్చే పది మందిలో ఎనిమిది మంది సీటు ఎక్కి కూర్చుని మొదట చూసేది కాళ్ళు నేలకు ఆనుతున్నాయా లేదా అనే. స్కూటర్ అలవాటు అది. స్కూటర్‌ని ఇంజిను లాగుతుంది కాబట్టి చెల్లుతుంది. ఇక్కడ ఇంజిను మన మోకాలే. సీటు ఎత్తు పెడల్ అడుగుకు వెళ్ళినప్పుడు కాలు ఎంత సాగుతుందో చూసి పెట్టాలి, నేలను చూసి కాదు. ఆగాలంటే సీటు మీది నుంచి ముందుకు దిగి, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడాలి. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

సీటు కిందికి ఉంటే ప్రతి తొక్కులోనూ మోకాలు అతిగా మడిచి, అలా మడిచిన కాలితోనే బలం పెట్టాల్సి వస్తుంది. అదంతా చిప్ప మీద పడుతుంది. దానికి తోడు మీరు సీటు ముందుకు జరిపారు, మోకాలు ఇంకా ముడుచుకుంటుంది.

ముందు మూడు కొలతలు చెప్పండి. గజ్జల నుంచి మడమ దాకా కాలి పొడవు. పెడళ్ళ చేతులు (క్రాంకులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఇప్పుడున్న ఎత్తు. స్టెమ్, అంటే హ్యాండిల్‌ను ఫోర్క్ పైపుకు కలిపే ముక్క, దాని పొడవు. అది దాని మీదే రాసి ఉంటుంది.

మర్రిగూడ_మాస్టారు
మా నాయన అట్లాస్ సైకిల్ మీద వడ్ల బస్తా వేసుకుని మిల్లుకు పోయేవాడు. ఇంచు టేపు ఎప్పుడూ చూడలేదు. సీటు కింద స్ప్రింగులు, వెనక బస్తా, ఆయన ముందుకు వంగే ప్రశ్నే లేదు.

దేవరకొండ_డ్రాప్స్
మాస్టారూ, బస్తా ఉంటే బరువంతా వెనకే కదా. మనవాడికి బస్తా లేదు, అందుకే అంతా చేతుల మీదికి వచ్చింది 😄

లెక్కలసారు
నవ్వుతూ అన్నా డ్రాప్స్ అన్నది నిజమే, దాని సంగతి తర్వాత.

కాలి పొడవు కొలవడం: చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం పెట్టి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుతుందో అంత గట్టిగా పైకి లాగండి. పుస్తకం పై అంచు గోడ మీద ఎక్కడ ఉందో గుర్తు పెట్టించండి. ఎవరైనా సాయం ఉండాలి, ఒక్కరే కొలిస్తే పుస్తకం వంకర పోతుంది. ప్యాంటు కుట్టించినప్పటి దర్జీ కొలత మాత్రం వాడకండి, అది నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ వస్తుంది.

దాన్ని 0.883తో గుణిస్తే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది, సీటు పైపు వెంబడే కొలవాలి. ఈ లెక్కను గ్రెగ్ లెమాండ్ పేరుతో చెప్పుకుంటారు. 1986, 1989, 1990లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్. 1989లో ఆయన గెలిచింది 8 సెకన్ల తేడాతో.

పాలమూరు_పిల్లగాడు
సారు మొదలుపెట్టిండంటే పరీక్ష ఉన్నట్టే.

పానగల్_పెడల్
కొలిచాను. మా ఆవిడ నవ్వీ నవ్వీ గోడ మీద మూడు గీతలు గీసింది. మూడో దాన్ని ఖాయం చేశాం. 78 సెం.మీ.
సీటు ఎత్తు ఇప్పుడు 64.
స్టెమ్ మీద 110 అని ఉంది. క్రాంక్ 170. రెండూ మి.మీ.లే.

లెక్కలసారు
78 × 0.883 = 68.9. మీది 64. దాదాపు 5 సెం.మీ. తక్కువలో తొక్కుతున్నారు! మోకాలు ఇన్నాళ్ళు ఓర్చుకోవడమే గొప్ప.

ఇంకో పద్ధతి ఉంది. కాలి పొడవులో 109 శాతం, పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని ఇరుసు నుంచి సీటు దాకా. 85 వస్తుంది. క్రాంక్ 17 తీసేస్తే 68. రెండు లెక్కల మధ్య 9 మిల్లీమీటర్ల తేడా. అంటే ఇవి మొదలుపెట్టడానికే, రాతిలో చెక్కినవి కావు. 68తో మొదలుపెట్టండి.

నిశ్శబ్ద_ఫ్రీవీల్
ఒకేసారి 4 సెం.మీ. పెంచితే కొత్త నొప్పులు వస్తాయి. వారానికి 5 మి.మీ. మించకూడదు.

మిర్యాల_మెకానిక్
వారానికి 5 అయితే రెండు నెలలు పడుతుంది, ఈలోపు మోకాలు పోతుంది. ఆ రూలు కొన్ని వేల కిలోమీటర్లు ఒకే పొజిషన్‌లో తొక్కినవాళ్ళది. సార్ తొక్కిందే రెండు నెలలు, అదీ తప్పు పొజిషన్‌లో. ఒకేసారి 67కి తీసుకెళ్ళి, అక్కడి నుంచి కొంచెం కొంచెం పెంచుకోవచ్చు.

లెక్కలన్నీ పక్కన పెట్టి మడమ పరీక్ష కూడా చేయండి. గోడను పట్టుకుని సీటు మీద కూర్చోండి. రోజూ తొక్కే బూట్లే వేసుకోండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే మోకాలు అప్పుడే నిటారు కావాలి. నడుము పక్కకు ఒరగకుండా. ఆ తర్వాత ముంగాలు పెడల్ మీద పెడితే మోకాలు దానంతటదే కొంచెం ముడుచుకుంటుంది. అదే కావాల్సింది.

సీటు పైపు మీద ఒక గీత ఉంటుంది. అది బయట కనిపించేంత పైకి లాగొద్దు, ఫ్రేమ్ పగులుతుంది. గ్రీజు ఆరిపోయి ఉంటే పైపు బయటికి తీసి తుడిచి మళ్ళీ రాయండి.

ఫిజియో_పాలమూరు
మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేస్తాను, వారాంతాల్లో తొక్కుతాను కూడా. మోకాలి ముందు నొప్పికి సీటు కిందికి ఉండటం, మరీ ముందుకు ఉండటం, బరువు గేర్లో నెమ్మదిగా తొక్కడం, ఈ మూడూ మామూలుగా కనిపించేవి. అదే మోకాలి వెనక నొప్పి వస్తే సీటు ఎక్కువైందేమో చూసుకోవాలి. పెడల్ అన్నగారూ, నొప్పి ఉన్నన్నాళ్ళూ తేలిక గేర్లో, నిమిషానికి 80 తిప్పుళ్ళకు తగ్గకుండా తొక్కండి. మెట్లు దిగేటప్పుడు నొప్పి రెండు మూడు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, ఇక్కడ అడుగుతూ కూర్చోవద్దు.

చేతుల సంగతి వేరు. చిటికెన వేలికి, ఉంగరం వేలిలో సగానికి వెళ్ళే నరం, అల్నార్ నరం, అరచేతి మొదట్లో చిటికెన వేలి వైపున పైపైనే ఉంటుంది. సరిగ్గా అక్కడ హ్యాండిల్ ఒత్తుతోంది. జెల్ గ్లవ్స్ కొంచెం ఊరట, అంతే. చేతుల మీద అంత బరువు ఎందుకు పడుతోందో చూడాలి.

పాలమూరు_పిల్లగాడు
టీ గ్లాసు జారిందంటే మాత్రం తేలిగ్గా తీసుకోకు అన్నా. నాకు కోయిల్‌సాగర్ పోయొచ్చిన రోజు చొక్కా గుండీ పెట్టుకోరాలె. వారం పట్టింది.

దేవరకొండ_డ్రాప్స్
బస్తా దగ్గరికి వద్దాం ఇప్పుడు. హ్యాండిల్ దూరమైందని సీటు ముందుకు జరపడం అందరం చేసే పనే, నేనూ చేశాను. కానీ సీటు ముందుకు వెళ్తే నడుము కాళ్ళ మీదికి వచ్చేస్తుంది, ఒళ్ళు ముందుకు తూలుతుంది, దాన్ని ఆపేది చేతులే. సీటు వెనక్కి వెళ్తే నడుము వెనక, చేతులు ముందు, బరువు సమంగా ఉంటుంది. కుర్చీలోంచి లేచేటప్పుడు పాదాలు వెనక్కి పెట్టి లేస్తాం కదా? అట్లా లేవడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా కూర్చున్నారు మీరు.

నిశ్శబ్ద_ఫ్రీవీల్
వెనక్కి జరిపితే హ్యాండిల్ ఇంకా దూరం. అందుకే అన్నాను, ఫ్రేమ్ పెద్దదని.

దేవరకొండ_డ్రాప్స్
దూరాన్ని తగ్గించాల్సింది స్టెమ్‌తో. సీటు కాళ్ళ కోసం, స్టెమ్ చేతుల కోసం. ముందు సీటు తేల్చి, అది కుదిరాక హ్యాండిల్ ముట్టుకోవాలి. తలకిందులుగా చేస్తే రోజూ ఏదో ఒకటి మారుస్తూనే ఉంటాం. 110 నుంచి 90కి వస్తే రెండు సెంటీమీటర్లు దగ్గర, 54 సైజు అప్పుడు సరిపోతుంది.

లెక్కలసారు
సీటు ఎంత వెనక్కి అన్నదానికి పాత లెక్క ఒకటి ఉంది. క్రాంకులు నేలకు సమాంతరంగా పెట్టి, ముందున్న మోకాలి చిప్ప కింది బుడిపె నుంచి దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీయండి. మేస్త్రీ గోడకు తూకం గుండు పట్టినట్టు. దారం పెడల్ ఇరుసు మీదుగా పోవాలి.

దేవరకొండ_డ్రాప్స్
సారూ, ఆ దారం లెక్కకు శాస్త్రం లేదు. వెనక్కి వాలి కూర్చుని తొక్కే రికంబెంట్ సైకిళ్ళలో మోకాలు పెడల్‌కు మైలు వెనక ఉంటుంది. వాళ్ళ మోకాళ్ళు బాగానే ఉన్నాయి కదా? మధ్యస్థం ఎత్తు మనిషికి అది కాకతాళీయంగా సరిపోతుంది, అంతే.

లెక్కలసారు
కాకతాళీయంగా సరిపోతే చాలు నాయనా, మొదలుపెట్టడానికి ఎక్కడో ఒకచోట గుర్తు కావాలిగా. నువ్వు చెప్పు ఇంకోటి.

దేవరకొండ_డ్రాప్స్
ఖాళీ రోడ్డు మీద, చదునుగా ఉన్నచోట, బ్రేకు లివర్ల మీద చేతులు పెట్టుకుని ఓ మోస్తరు జోరుగా తొక్కుతూ, అరచేతులు హ్యాండిల్ మీది నుంచి ఒక అంగుళం పైకి తేల్చండి. రెండు క్షణాలు ఆగగలిగితే సీటు సరైన చోటే ఉంది. గబుక్కున ముందుకు పడబోతే ఇంకా వెనక్కి జరపాలి. హైవే మీద చేయకండి సార్, కట్ట మీద కూడా పొద్దున నడిచేవాళ్ళు ఉంటారు.

లెక్కలసారు
ఇది ఒప్పుకుంటా. దారం లెక్క వాడి, తర్వాత ఇది చేయండి. ఒక మాట మాత్రం: సీటు సెంటీమీటరు వెనక్కి జరిపితే పెడల్ కూడా దూరమవుతుంది, ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు దించాలి. అలాగే ఎత్తు పెంచినప్పుడు పైపు ఏటవాలు కాబట్టి సీటు తనంతట తానే కొంచెం వెనక్కి పోతుంది, సెంటీమీటరుకు దాదాపు 3 మి.మీ.

పాలమూరు_పిల్లగాడు
కాగితం మీద రాసి సీటు కింద అతికించుకో అన్నా, ఎగ్జామ్‌కు స్లిప్పులు పెట్టుకున్నట్టు.

జడ్చర్ల_జోరు
జెల్ కవర్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? నేను ఆడదాన్ని కాబట్టి ఈ సీటు పురాణం మీ అందరికన్నా ఎక్కువ అనుభవించాను. ఆ కవర్ తీసి పారేయండి. మెత్తగా ఉన్నంతసేపూ బాగుంటుంది, అరగంట తర్వాత ఎముకలు దిగిపోయి, పక్కనున్న జెల్ ఉబ్బి, ఒత్తకూడని చోట ఒత్తుతుంది.

సీటు వెడల్పు మన కూర్చునే ఎముకల ఎడానికి తగ్గట్టు ఉండాలి. ఒక అట్టపెట్టె ముక్క, ముడతలు ఉండే రకం, గట్టి స్టూలు మీద వేసుకుని ముందుకు వంగి రెండు నిమిషాలు కూర్చుని లేవండి. రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య నుంచి మధ్యకు కొలిచి, 2, 3 సెం.మీ. కలిపితే దగ్గర దగ్గర సీటు వెడల్పు. నాకు 155 మి.మీ. సరిపోయింది, బండితో వచ్చింది 143. ఏడాది పాటు నా ఒంట్లోనే ఏదో లోపం అనుకున్నాను. 143 మీద కూర్చుని నేర్పినాయన "అలవాటైపోతుందమ్మా" అనేవాడు.

ఇంకోటి. సీటు ముక్కు కిందికి వంచమని సలహా వస్తుంది, చూస్తూ ఉండండి. నేను అట్లా చేస్తే జారిపోతూ, చేతులతో నన్ను నేను వెనక్కి నెట్టుకుంటూ పిల్లలమర్రి దాకా వెళ్ళేసరికి భుజాలు పడిపోయాయి. మట్టంగా పెట్టండి. ఫోన్‌లో మట్టం చూసే యాప్ ఉంటుంది. మరీ అవసరమైతే ఒక డిగ్రీ, రెండు, అంతే.

నిశ్శబ్ద_ఫ్రీవీల్
నేను ముక్కు వంచమనే చెప్పబోయాను. ఊరుకుంటున్నా.

జడ్చర్ల_జోరు
😂 ధన్యవాదాలు తమ్ముడూ.

మిర్యాల_మెకానిక్
సార్, టైర్లలో గాలి ఎంత కొడుతున్నారు?

పానగల్_పెడల్
120 పీఎస్ఐ. టైరు మీద అదే రాసి ఉంది కదా. 25 మి.మీ. టైర్లు.

మిర్యాల_మెకానిక్
అది గరిష్ఠం, అంతకు మించొద్దని. కొట్టాల్సింది అని కాదు. 74 కిలోలకు 25 టైర్‌లో వెనక 85, ముందు 80 చాలు. కంకర తేలిన రోడ్డు మీద 120 కొడితే చేతులకు రోకలి దెబ్బలే. ఫ్రేమ్‌లో 28 పడితే అది ఇంకా మంచిది, ఇంకా తక్కువ గాలితో నడుస్తుంది. పంక్చర్ షాపులో మాత్రం కొట్టించకండి. మీ వాల్వు సన్నది, ప్రెస్టా. వాళ్ళ పంపుకు పట్టదు, బలవంతం చేస్తే ముక్కు వంగిపోతుంది. మీటరున్న పంపు ఒకటి కొనుక్కోండి.

పానగల్_పెడల్
పన్నెండు రోజుల తర్వాత వచ్చాను.

సీటు 67కి ఎత్తాను, నాలుగు రోజులకు 68. మొదటి రోజు క్లాక్ టవర్ సిగ్నల్ దగ్గర ఆగలేక, పక్కన ఆటో టాపు పట్టుకుని నిలబడ్డాను. ఆటో ఆయన "దిగండి సార్, ఎక్కడికి పోవాలె" అన్నాడు. మూడో రోజుకు దిగి నిలబడటం వచ్చింది.

సీటు పట్టాల మీద మధ్యకు జరిపాను. దారానికి నట్టు కట్టి చూశాను, దాదాపు ఇరుసు మీదే వచ్చింది. చేతులు తేల్చి చూశాను, క్షణంన్నర ఆగాను. జెల్ కవర్ ఇప్పుడు స్కూటీ మీద ఉంది. గాలి 85, 80.

మోకాలు: మెట్లు దిగినా నొప్పి లేదు. నమ్మబుద్ధి కావట్లేదు. ఇన్నాళ్ళూ వయసు అనుకున్నాను.
చేతులు: తిమ్మిరి సగం తగ్గింది. ఇప్పుడు 25 దగ్గర కాదు, 35 దగ్గర మొదలవుతోంది.
మెడ: అలాగే ఉంది. హ్యాండిల్ నిజంగా దూరమైంది, ఫ్రీవీల్ తమ్ముడు అన్నట్టే.

మిర్యాల_మెకానిక్
ఇప్పుడు స్టెమ్. కొత్తది కొనేముందు ఉన్నదాన్నే తిరగేసి చూడండి. మామూలు స్టెమ్‌కు 6 డిగ్రీల వంపు ఉంటుంది. కిందికి చూసేలా బిగించి ఉంటే తిరగేస్తే హ్యాండిల్ రెండు సెంటీమీటర్ల పైన లేస్తుంది, కాస్త దగ్గరికి కూడా వస్తుంది. ఖర్చు సున్నా. దాని పైన స్పేసర్ రింగులు ఉంటే వాటిని కిందికి మార్చండి.

పానగల్_పెడల్
తిరగేశాను. మెడకు హాయిగా ఉంది. కానీ ఇప్పుడు ముందు బ్రేకు వేస్తే టక్ టక్ మని శబ్దం. హ్యాండిల్ దగ్గర ఏదో కదులుతోంది. పైనున్న బోల్టు ఎంత బిగించినా పోవట్లేదు, ఇంకా బిగిస్తే తల అరిగిపోయేలా ఉంది. టెన్షన్‌గా ఉంది.

మిర్యాల_మెకానిక్
ఆగండి, ఇంక బిగించొద్దు! తొక్కొద్దు కూడా.

పక్కనున్న రెండు బోల్టులు ముందే బిగించేసి, తర్వాత పై బోల్టు తిప్పారు కదా? పక్క బోల్టులు స్టెమ్‌ను ఫోర్క్ పైపుకు పట్టేసుకున్నాక, పైది ఎంత తిప్పినా ఏం దిగదు. పై బోల్టు పని హ్యాండిల్‌ను పట్టుకోవడం కాదు, బేరింగుల్లో ఆట, అంటే వదులు, తీసేయడం. వరుస ఇది: పక్కవి వదులు చేయండి. పైది మెల్లగా, ఆట పోయేంత మాత్రమే తిప్పండి. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపండి, టక్ మనకూడదు. బండి ముందు భాగం ఎత్తితే హ్యాండిల్ తేలిగ్గా తనంతట తానే ఒక పక్కకు వాలిపోవాలి. బిర్రుగా ఉంటే ఎక్కువ బిగించారు. అప్పుడు హ్యాండిల్ చక్రానికి సూటిగా చూసుకుని, పక్కవి రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఎంత బలంతో బిగించాలో స్టెమ్ మీద 5 Nm అనో ఎంతో రాసి ఉంటుంది. మీది కార్బన్ ఫోర్క్, దాని పైపు కూడా కార్బన్ అయితే ఇష్టమొచ్చినట్టు బిగిస్తే నలుగుతుంది. ఆ బలం కొలిచే టార్క్ రెంచ్ లేకపోతే పొట్టి అలెన్ కీతో, రెండు వేళ్ళతో బిగించండి, మోచెయ్యి బలం వద్దు.

పానగల్_పెడల్
అంతే చేశాను. శబ్దం పోయింది. మీరు మిర్యాలగూడలో ఎక్కడున్నారో చెబితే టీ తాగించడానికి వస్తాను.

మిర్యాల_మెకానిక్
సైకిల్ మీద వస్తేనే.

మర్రిగూడ_మాస్టారు
నాకో సందేహం. నా మెడ పెద్దగా వెనక్కి వాలదు. మా మండలం సంగతి తెలిసిందే కదా, బోరు నీళ్ళ ఫ్లోరైడ్. కృష్ణా నీళ్ళు నల్లాలో వచ్చేసరికే మా వయసు వాళ్ళ ఎముకలు బిగుసుకున్నాయి. నాకు తక్కువే, నడుస్తాను, తొక్కుతాను. మా అబ్బాయి వాడి పాత రోడ్ బైక్ నాకు వదిలి వెళ్ళాడు. ముందుకు వంగితే రోడ్డు కాదు, ముందు చక్రమే కనిపిస్తుంది. హ్యాండిల్ సీటు కన్నా పైకి పెట్టుకోవచ్చా?

సాగర్_స్ట్రావా
అట్లా అయితే రోడ్ బైక్ ఎందుకు సార్, మామూలు సైకిల్ కొనుక్కోవచ్చుగా.

జడ్చర్ల_జోరు
స్ట్రావా తమ్మీ, చదివి రాయి. ఆయనకు బండి ఉంది, తొక్కాలని ఉంది.

ఫిజియో_పాలమూరు
తప్పకుండా పెట్టుకోవచ్చు మాస్టారూ. వంగినప్పుడు రోడ్డు చూడాలంటే మెడ వెనక్కి వాలాలి. మెడ వాలకపోతే ఒళ్ళే లేవాలి, వేరే దారి లేదు. నిటారుగా కూర్చున్నప్పుడు బరువు సీటు మీదికి వస్తుంది కాబట్టి కొంచెం వెడల్పు సీటు పెట్టుకోండి. రోడ్డు ముందుకు, పక్కలకు స్పష్టంగా కనిపిస్తేనే బయటికి తీయండి. అద్దం ఒకటి బిగించుకుంటే వెనక చూడటానికి మెడ తిప్పక్కర్లేదు.

మిర్యాల_మెకానిక్
17, 25 డిగ్రీల వంపున్న స్టెమ్‌లు దొరుకుతాయి మాస్టారూ. అదీ చాలకపోతే డ్రాప్ హ్యాండిల్ తీసేసి తిన్నటి హ్యాండిల్ వేయొచ్చు, అప్పుడు బ్రేకు లివర్లు, గేర్ లివర్లు కూడా మారతాయి, ఖర్చు ఉంటుంది. ముందు స్టెమ్‌తో చూద్దాం. బండి షాపుకు పంపండి, కొలతలు నేను చూస్తాను.

సాగర్_స్ట్రావా
సారీ మాస్టారూ. తొందరపడి రాశాను.

మర్రిగూడ_మాస్టారు
పర్వాలేదు బాబూ. నీ వయసులో నేనూ గాలికి తల వంచి తొక్కినవాడినే.

పానగల్_పెడల్
90 స్టెమ్ కొన్నాను, పన్నెండు వందలు. నిన్న హాలియా దాకా వెళ్ళి వచ్చాను. తిమ్మిరి లేదు. అక్కడక్కడా చేతులు మార్చుకుంటూ వెళ్ళాను, కాసేపు లివర్ల మీద, కాసేపు పైన అడ్డంగా. మెడ చివరి పది కిలోమీటర్లలో పట్టింది. ఇప్పుడు సీటు ఇంకో 3 మి.మీ. పెంచితే ఎలా ఉంటుందా అని...

దేవరకొండ_డ్రాప్స్
వద్దు! చెయ్యి తియ్యండి ఆ అలెన్ కీ మీది నుంచి. ఎడీ మెర్క్స్ 1969లో ట్రాక్ మీద ఘోరంగా పడ్డాడు, అప్పటి నుంచి నడుము సమంగా లేక జీవితమంతా సీటు ఎత్తు మారుస్తూనే ఉన్నాడు, రేసు మధ్యలో కూడా. ఆయనకు కారణం ఉంది. మీకు దురద.

లెక్కలసారు
బాగున్న కొలతలు రాసి పెట్టుకోండి. సీటు పైపు చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. ఏ మెకానిక్ సర్వీసుకు తీసినా, బస్సులో వేసినా మళ్ళీ అక్కడికే వస్తుంది.

నిశ్శబ్ద_ఫ్రీవీల్
52 అయితే ఆ మెడ నొప్పి కూడా ఉండేది కాదు.

పాలమూరు_పిల్లగాడు
వచ్చిండు.

పానగల్_పెడల్
టేపు చుట్టాను. 68 దగ్గరే. పాత 110 స్టెమ్ ఖాళీగా ఉంది, ఎవరికైనా కావాలా? డబ్బులు వద్దు.

నిశ్శబ్ద_ఫ్రీవీల్
నాకు కావాలి. నాది 52, మోకాలికి హ్యాండిల్ తగులుతోంది.

జడ్చర్ల_జోరు
😂😂😂

పానగల్_పెడల్
ఆదివారం పొద్దున ఆరింటికి పానగల్ కట్ట మీదికి రా తమ్ముడూ. టేపు, అలెన్ కీ నేనే తెస్తా. నీ సీటు ఎక్కడుందో కూడా ఒకసారి చూద్దాం.